పాలు పితికే వేళ చేతులు పొదుగు దగ్గర, దీపం ఛాతీ మీద

సంఘ సభ్యులకు పాఠం

తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు పశువుల పాకలో పని ఎలా ఉంటుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పాలు వేళకు కేంద్రానికి చేరాలి. పాకలో ఉన్నది ఒకే బల్బు. అది గేదె వీపు మీద వెలుగుతుందే గాని పొదుగు కింద చీకటే. కరెంటు పోతే ఆ కాస్త వెలుగూ ఉండదు. అప్పుడు సెల్‌ఫోను లైటు వేసి పళ్ళతో కరచి పట్టుకునేవారున్నారు. చంకలో టార్చి ఇరికించుకుని ఒంటి చేత్తో పితికేవారున్నారు. నిద్రమత్తులో ఉన్న పిల్లవాణ్ణి లేపి "లైటు పట్టుకోరా" అని పక్కన నిలబెట్టేవారూ ఉన్నారు. చాలామంది అలవాటు మీద చీకట్లోనే పితికేస్తారు. "మా చేతులకు చన్నులు తెలియవా?" అంటారు.

చేతులకు చన్నులు తెలిసిన మాట నిజమే. కాని పాలలో పలుకులు పడుతున్న సంగతి చేతికి తెలియదు. అది కంటితో చూడవలసిన విషయం. రెండు చేతులూ పొదుగు దగ్గర ఉండాలి, కన్ను పాల మీద ఉండాలి. అలా జరగాలంటే లైటు చేతిలో కాక ఒంటి మీద ఉండాలి. అలాంటి లైటును ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ

ఒక ఇంట్లో రెండు పాడి గేదెలున్నాయనుకుందాం. అత్తాకోడళ్ళు చెరొక గేదె దగ్గర కూర్చున్నారు. కరెంటు లేదు. కోడలు మొదటి ధారలు నేల మీద వదిలి పితకడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, చిన్న గేదెకు వెనక కుడి చన్ను కాస్త వెచ్చగా ఉన్నట్టుందండీ."

"రాత్రి ఆ పక్కకే పడుకుని ఉంటుంది లేమ్మా. కానివ్వు, పాల వేళయింది."

ఆ పాలు కేంద్రానికి వెళ్ళాయి. ఊరందరి పాలతో కలిశాయి. సాయంత్రం పితికే వేళకు మళ్ళీ చీకటి పడింది. మరునాడూ అంతే. మూడోనాడు ఆలస్యమై తెల్లవారిన తరువాత పితికితే, ఆ చన్ను నుంచి నీళ్ళలాంటి పాలు, వాటిలో తెల్లటి పలుకులు కనిపించాయి. పశువైద్యుడు వచ్చి మందులు వేసినా ఆ చన్ను తిరిగి దారికి రాలేదు.

ఇక్కడ నష్టం రెండు విధాలు. పొదుగులో నాలుగు భాగాలుంటాయి. ఏ భాగం పాలు ఆ భాగంలోనే తయారవుతాయి. ఒక భాగం పోతే దాని పని మిగతావి పూర్తిగా చేయలేవు. ఇది ఆ ఇంటి నష్టం. రెండవది సంఘం నష్టం. పొదుగువాపు పాలు ఒక చెంబెడు చేరినా క్యానులోని మంచి పాలన్నిటి నాణ్యతా తగ్గుతుంది. కాబట్టి పాకలో వెలుతురు ఒక్క ఇంటి సంగతి కాదు, సంఘంలో పాలు పోసే అందరి సంగతి.

ఆ ఇంట్లో ఎవరూ అశ్రద్ధ చేయలేదు. కోడలి చేతికి వేడి తెలిసింది. చూడడానికి వెలుతురు లేకపోయింది. అంతే తేడా.

ముందు పనిని చూడండి, తరువాత లైటును

దుకాణానికి వెళ్ళి "మంచి లైటు ఇవ్వండి" అని అడిగితే, చాలా దూరం కొట్టే లైటునే చూపిస్తారు. పెట్టె మీద "500 మీటర్లు" అని ఉంటుంది. పాడి రైతుకు అంత దూరంతో పని లేదు. మనం చీకట్లో చేసే పనులు ముఖ్యంగా మూడు.

ఒకటి, ఇంటి నుంచి పాకకు, పాక నుంచి గడ్డివామికి నడవడం. ఇక్కడ చూడవలసింది కాళ్ళ ముందు రెండు మూడు మీటర్ల నేల. కట్లపాము రాత్రి పూట తిరిగే పాము. గడ్డి కింద, కట్టెల సందుల్లో రక్తపింజరి ఉండవచ్చు. గడ్డిలో చేయి పెట్టే ముందు చోటు కనబడాలి.

రెండు, పాలు పితకడం. పీట మీద కూర్చున్నప్పుడు మన ఛాతీకి, పొదుగుకు మధ్య దూరం అర మీటరు నుంచి ఒక మీటరు లోపే. ఇక్కడ కావలసింది పొదుగు, నాలుగు చన్నులు, పాలగిన్నె అన్నీ ఒకేసారి కనబడేటంత విశాలమైన, మెత్తని వెలుతురు.

మూడు, ఈనే సమయం. ఈత మనం నిద్రపోయే వేళ కూడా రావచ్చు. నీటితిత్తి పగిలిన తరువాత ముందు కాళ్ళు రెండూ, వాటి మీద ముట్టె కనిపిస్తే దూడ సరిగా వస్తున్నట్టు. ఒక్క కాలే కనబడినా, తల కనబడకపోయినా పశువైద్యుణ్ణి పిలవాలి. ఆ తేడా చూడడానికి మంచి వెలుతురు కావాలి. దూడను అందుకోవడానికి, ముక్కులో జిగురు తుడవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఈ మూడు పనుల్లోనూ వెలుతురు దగ్గర పడాలి, వెడల్పుగా పడాలి. సన్నని ధారలా దూరం పోయే లైటు పొదుగు మీద ఒక నాణెమంత చోట కళ్ళు చెదిరేలా వెలిగి, పక్క చన్నును చీకట్లో వదిలేస్తుంది. స్టీలు బకెట్టు మీద పడితే ఆ మెరుపుకు పాలే కనబడవు.

తల మీదా? మెడలోనా? ఛాతీ మీదా?

ఒంటికి లైటు తగిలించుకుని పని చేయడం కొత్త సంగతి కాదు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన సింగరేణి ప్రాంతంలో గని కార్మికుల క్యాప్ ల్యాంపును మనలో చాలామంది చూసే ఉంటారు. పాత రకంలో దీపం టోపీకి, బరువైన బ్యాటరీ నడుముకు ఉండేవి. మధ్య ఒక తీగ. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనికులు మెడ వంచినట్టుండే టార్చిని చొక్కాకో బెల్టుకో తగిలించుకునేవారు. టార్చి నిలువుగా ఉన్నా వెలుతురు ముందుకు పడేది. బరువు ఒంటికి ఆనించి, వెలుతురును పని వైపు తిప్పడమే రెండింటిలోనూ ఉన్న కిటుకు. ఇప్పుడు దొరికే లైట్లు నాలుగు రకాలు.

నుదుటి లైటు: తల ఎటు తిప్పితే వెలుతురు అటు పడుతుంది. ఈనే సమయంలో, గాయం చూసేటప్పుడు చాలా అనుకూలం. పితికేటప్పుడు మాత్రం చిక్కు ఉంది. మనలో చాలామంది నుదురు గేదె డొక్కకు ఆనించి పితుకుతారు. అప్పుడు లైటు డొక్కకు ఒత్తుకుంటుంది. పొదుగు మీద వెలుతురు పడదు. పురుగులు ముఖం మీద ముసురుతాయి. ఎవరైనా పలకరిస్తే తల తిప్పగానే వారి కళ్ళలో కొడుతుంది. వేసవిలో పట్టీ కింద చెమట సరేసరి.

మెడ లైటు: కాడిలా మెడ చుట్టూ వేసుకునేది. రెండు కొనలా రెండు చిన్న దీపాలుంటాయి. వాటిని వంచి తిప్పుకోవచ్చు. రెండు వైపుల నుంచి వెలుతురు రావడం వల్ల చేతి నీడ తక్కువ. చీర కట్టుకున్నవారికి అనుకూలం. బాగా ముందుకు వంగినప్పుడు జారకుండా గట్టిగా పట్టి ఉంటుందో లేదో చూసుకోవాలి.

క్లిప్పు లైటు: చొక్కా జేబుకో, అంచుకో తగిలించేది. తేలిక, చవక. పలచని బట్టకు తగిలిస్తే బట్ట వాలి వెలుతురు నేలకు కొడుతుంది. బనియను మీద, ఒట్టి ఒంటి మీద పని చేసేవారికి ఇది కుదరదు.

ఛాతీ పట్టీ లైటు: భుజాల మీదుగానో, ఛాతీ చుట్టూనో పట్టీతో కట్టుకునేది. బరువు ఒంటికి ఆనుతుంది. రెండు చేతులు రెండు పక్కల నుంచి పొదుగుకు వెళితే, వాటి నడుమ నుంచి వెలుతురు పడుతుంది. అందుచేత నీడ అడ్డం రాదు. పురుగులు ముఖానికి దూరంగా ఉంటాయి. నడిచేటప్పుడు కాళ్ళ ముందు నేల కూడా కనబడుతుంది. రోజూ పితికే పనికి మా సలహా ఇదే. ఇంట్లో వీలుంటే ఈత సమయం కోసం ఒక నుదుటి లైటు కూడా ఉంచుకోవచ్చు.

ఏ రకమైనా దీపాన్ని పైకీ కిందికీ వంచుకునే వీలు ఉండి తీరాలి. మనం నిలబడినప్పుడు ఛాతీ నిటారుగా ఉంటుంది, పీట మీద కూర్చుంటే ముందుకు వాలుతుంది. వంగని లైటు నడకకు సరిపోతే పితకడానికి సరిపోదు. కంఠం గుంటకు బెత్తెడు కింద, రొమ్ము ఎముక మీద లైటు ఉండడం మంచిది. ఇంకా కిందికి దిగితే మోకాళ్ళు, బకెట్టు అంచు అడ్డం వస్తాయి.

ఎంత వెలుతురు కావాలి?

లైటు ఇచ్చే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో చెబుతారు. ఆ వెలుతురు ఒక చోట ఎంత పడిందో లక్స్‌లో చెబుతారు. చెరువు తూము నుంచి వదిలిన నీరు ల్యూమెన్లనుకుంటే, మన మడికి అందిన తడి లక్స్ అనుకోవచ్చు. మడి పెద్దదైన కొద్దీ తడి పలచనవుతుంది.

దూరం రెట్టింపైతే వెలుతురు సగం కాదు, నాలుగో వంతే అవుతుంది. ఉదాహరణకు 100 ల్యూమెన్ల వెలుతురును వెడల్పుగా పరిచే లైటు అర మీటరు దూరంలో సుమారు 120 లక్స్ ఇస్తే, ఒక మీటరు దూరంలో 30 లక్స్, రెండు మీటర్ల దూరంలో 8 లక్స్ మాత్రమే ఇస్తుంది. నిండు పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతుకు మించదు. పొదుగుకు దగ్గరగా ఛాతీ మీద ఉన్న చిన్న లైటు, పాక కప్పుకున్న పెద్ద బల్బు కంటే ఎందుకు బాగా పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి వేల ల్యూమెన్లు అక్కరలేదు. నడకకు 30 నుంచి 50, పితకడానికి 100 నుంచి 200, ఈత సమయానికి 300 ల్యూమెన్లు చాలు. మూడు మెట్లలో తగ్గించి పెంచుకునే లైటు తీసుకోండి. గేదెలున్నవారికి ఇంకొక మాట. నల్లని చర్మం వెలుతురును మింగేస్తుంది. తెల్లని ఆవు చన్ను మీద కనిపించే చిన్న పగులు గేదె చన్ను మీద అదే వెలుతురులో కనబడదు. వారు 200 ల్యూమెన్ల మెట్టు ఉన్న లైటు చూసుకోవడం మేలు.

దీపం ముందు పాలరంగు మూత ఉంటే వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. అద్దంలా తేటగా ఉన్న మూత అయితే వెలుతురు ఒక చోట గుచ్చినట్టు పడుతుంది.

రంగు నిజంగా కనబడాలి

పాలలో లేత ఎరుపు జీర ఉంటే రక్తం పడుతున్నట్టు. పసుపు తిరిగినా, నీళ్ళగా ఉన్నా పొదుగువాపును అనుమానించాలి. ఈ తేడాలన్నీ రంగులో తేడాలే. చవక లైట్లలో కొన్ని నీలం కలిసిన తెలుపుగా వెలుగుతాయి. వాటి కింద ఎరుపు వన్నె సరిగా తేలదు.

రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే కొలత సి.ఆర్.ఐ. దీనికి గరిష్ఠం 100. సాధారణ లైట్లకు 70, 80 మధ్య ఉంటుంది. 90 ఉంటే చాలా మంచిది. వెలుతురు వన్నెను కెల్విన్లలో చెబుతారు. 3000 అంటే పాత బల్బులా పసుపు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. 4000 ప్రాంతంలో ఉన్నది పొదుగు పనికి అనుకూలం. పెట్టె మీద ఈ అంకెలు లేకపోతే దుకాణంలోనే అరచేతి మీద లైటు వేసి చూడండి. అరచేయి సహజమైన ఎర్రదనంతో కనిపిస్తే సరే. పాలిపోయి శవం చేయిలా కనిపిస్తే ఆ లైటు వద్దు.

కొన్ని లైట్లకు ఎర్రదీపం మెట్టు కూడా ఉంటుంది. పశువులకు ఎరుపు సరిగా కనబడదు కనుక రాత్రి వాటిని లేపకుండా ఒకసారి చూసి రావడానికి అది పనికొస్తుంది. అయితే ఎర్రదీపం కింద రక్తం కనబడదు. ఆ దీపంతో పాలు పరీక్షించరాదు.

లైటు మంచిదైనా చూసే పద్ధతి కూడా సరిగా ఉండాలి. ప్రతి చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లని బట్ట కట్టిన గిన్నెలో పిండి చూడాలి. తెల్లని పలుకులు తెల్లని పాలలో కనబడవు, నల్లని బట్ట మీద తేలుతాయి. నేల మీద పిండితే ఏమీ కనబడదు సరికదా, రోగం మిగతా పశువులకు పాకుతుంది. ఒక విషయం మరువరాదు. పైకి కనబడని పొదుగువాపు ఏ లైటుకీ దొరకదు. దానికి పాలను మందుతో కలిపి చూసే సి.ఎమ్.టి. వంటి పరీక్ష కావాలి.

సెల్లు, ఛార్జింగు

లైటుకు ప్రాణం సెల్లు. ఇప్పుడు ఎక్కువ లైట్లలో లిథియం సెల్లే వస్తోంది. అందులో బాగా వాడుకలో ఉన్నది 18650 రకం. అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి సెల్లుకు 3.6 వోల్టుల వద్ద 2500 నుంచి 3500 మిల్లీ ఆంపియర్ గంటల శక్తి ఉంటుంది. ఇదే కొలత సెల్లు మీద "9900" అని రాసి ఉంటే అది అబద్ధమని వెంటనే గ్రహించాలి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 3000 మిల్లీ ఆంపియర్ గంటలంటే 3 ఆంపియర్ గంటలు. దాన్ని 3.6తో గుణిస్తే 10.8 వాట్ గంటలు. 100 ల్యూమెన్లకు సుమారు ఒక వాటు ఖర్చవుతుంది. మధ్యలో పోయే నష్టం తీసివేస్తే 8 గంటలకు తక్కువ కాకుండా వెలగాలి. పూటకు గంట చొప్పున రోజుకు రెండు గంటలు వాడితే నాలుగు రోజులకు ఒకసారి ఛార్జి చేస్తే చాలు.

పెట్టె మీద "30 గంటలు వెలుగును" అని రాసినా ఆ మాటను కొంచెం విప్పి చూడాలి. 2009లో వచ్చిన ఎఫ్.ఎల్.1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం, మొదటి వెలుతురులో పదో వంతుకు పడిపోయేదాకా వెలిగినట్టే లెక్క. 200 ల్యూమెన్ల లైటు 20 ల్యూమెన్లకు దిగినా "వెలుగుతోంది" అనే అంటారు. మనకు కావలసింది రెండు పూటల పాటు తగ్గకుండా ఉండే వెలుతురు.

కరెంటు నికరం లేని ఊళ్ళలో సెల్లు మార్చుకునే వీలున్న లైటు మేలు. అదనంగా ఒక సెల్లు నింపి ఉంచుకోవచ్చు. లిథియం సెల్లుకు మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 16046. బి.ఐ.ఎస్. గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో చూసి కొనండి.

జాగ్రత్తలు కొన్ని. గడ్డివామి దగ్గర, పాక కప్పు కింద ఛార్జి చేయరాదు. ఇంట్లో, గచ్చు మీద, మనుషులు మేలుకుని ఉన్నప్పుడు ఛార్జి చేయండి. 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఛార్జి చేయడం ప్రమాదం. ఎండలో, మోటారు సైకిలు పెట్టెలో లైటు వదిలేయకండి. ఉబ్బిన సెల్లును మళ్ళీ వాడరాదు. దాన్ని పేడదిబ్బలో పారేయకుండా పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించాలి.

నీరు, పేడ, తన్ను

పాకలో లైటు మీద నీళ్ళు చిలుకుతాయి, పేడ పడుతుంది, ఒక్కొక్కసారి గేదె తోకతో కొడుతుంది. నీటిని తట్టుకునే శక్తిని ఐ.పి. అనే అక్షరాల పక్కన రెండు అంకెలతో చెబుతారు. మొదటిది దుమ్ముకు, రెండవది నీటికి. దుమ్ముకు 6 వస్తే లోపలికి దుమ్ము అసలు పోదని అర్థం. నీటికి 4 అంటే ఎటు నుంచి చిలికినా పరవాలేదు. 5 అంటే పైపుతో కడిగినా తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదు. ఐ.పి. 65 ఉన్న లైటు మన పనికి సరిపోతుంది. అయితే ఛార్జింగు రంధ్రానికి రబ్బరు మూత ఊడిపోతే ఈ అంకెలకు విలువ లేదు. కొనేటప్పుడే ఆ మూతను నాలుగుసార్లు తీసి పెట్టి చూడండి.

పట్టీ విడిపోయి ఉతకడానికి వీలుగా ఉండాలి. పాలు, పేడ ఇంకిన పట్టీ రోగక్రిములకు నిలయం. వారానికి రెండుసార్లు సబ్బు నీటితో ఉతికి ఎండలో ఆరవేయండి.

స్విచ్చి చిన్న విషయం కాదు

తడి చేత్తో, చూడకుండా నొక్కగలిగే పెద్ద స్విచ్చి ఉండాలి. మణికట్టు వెనక భాగంతో నొక్కగలిగితే మరీ మంచిది. చేయి ఊపితే వెలిగి ఆరిపోయే లైట్లు వస్తున్నాయి. పితికేటప్పుడు చేతులు ఎప్పుడూ ఛాతీ ముందు ఆడుతూనే ఉంటాయి కాబట్టి అవి పనికిరావు. కొన్ని లైట్లు ఆర్పాలంటే మినుకు మినుకుమనే మెట్టు దాటి వెళ్ళాలి. ఆ మినుకుకు పశువు బెదురుతుంది. అలాంటివీ వద్దు.

ఫోను విషయంలో ఇంకొక చిక్కు ఉంది. జబ్బు చన్ను ముట్టిన చేత్తో ఫోను సర్దుకుని, అదే చేత్తో రెండో గేదె చన్ను పట్టుకుంటే రోగాన్ని మనమే మోసినట్టు. ఒంటి మీది లైటును పితకడం మొదలుపెట్టే ముందు సర్దుకుని, చేతులు కడుక్కుని, పని పూర్తయ్యేదాకా ముట్టుకోనక్కరలేదు. దీనివల్ల కలిగే ముఖ్యమైన లాభాల్లో ఇది ఒకటి.

చీర కట్టుకునేవారికి

మన ఇళ్ళలో పితికే పని చాలా వరకు ఆడవారిదే. దుకాణంలో దొరికే ఛాతీ పట్టీలు మాత్రం చొక్కా తొడిగేవారి కోసం కుట్టినట్టుంటాయి. పైట కింద కడితే వెలుతురు కప్పబడుతుంది. పైట మీద కడితే పైట సర్దుకున్నప్పుడల్లా జారుతుంది. మెడలో తాడుతో వేలాడదీస్తే మంగళసూత్రంతో పెనవేసుకుంటుంది, వంగితే ఊగుతుంది.

ఇంట్లోనే ఒక పట్టీ కుట్టుకోవచ్చు. మంచానికి అల్లే నవారు ముక్క తీసుకుని, జందెం వేసుకున్నట్టు ఒక భుజం మీదుగా చంక కిందికి వచ్చేలా కొలత పెట్టండి. ఛాతీ నడుమకు వచ్చే చోట గట్టి గుడ్డతో చిన్న అర కుట్టి, క్లిప్పు లైటును దానికి తగిలించండి. పైటను నడుములో దోపుకుని ఈ పట్టీ పైన వేసుకుంటే పైటా కదలదు, లైటూ కదలదు. నవారు రెండు కొనలను ముడి వేయకండి, రెండు టిచ్ బటన్లతో కలపండి. కొమ్ముకు చిక్కుకుని గేదె తల విదిలించినా బటన్లు ఊడి పట్టీ వదిలేస్తుంది, మనిషిని లాగదు. దుకాణంలో కొన్న పట్టీకైనా, మెడ తాడుకైనా ఇలా లాగితే ఊడే ఏర్పాటు ఉండి తీరాలి.

పశువును అలవాటు చేయండి

రాత్రి పూట గేదె కళ్ళు మెరవడం మనకు తెలుసు. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండడమే దానికి కారణం. ఆ పొర వల్ల తక్కువ వెలుగులోనూ వాటికి కనబడుతుంది. అందుకే హఠాత్తుగా పడిన గట్టి వెలుతురు వాటికి బాధ కలిగిస్తుంది. బెదిరిన పశువు చేపదు. పాలు దింపే ఆక్సిటోసిన్ పనిని బెదురు వల్ల ఊరే రసం అడ్డుకుంటుంది. లైటు కొన్న మొదటి రోజే గేదె తక్కువ పాలిచ్చిందని లైటును మూలన పడేయకండి.

మొదటి మూడు నాలుగు రోజులు సాయంత్రం వెలుగుండగానే లైటు కట్టుకుని పితకండి. తక్కువ మెట్టుతో మొదలుపెట్టండి. పాకలోకి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే పిలుస్తూ వెళ్ళండి. లైటు వెనక ఉన్నది మీరేనని గొంతు వల్ల తెలుస్తుంది. ముఖం వైపు నుంచి కాక పక్క నుంచి చేరండి.

సంఘంలో పరీక్షించి కొనండి

ఒక్కొక్కరు ఒక్కొక్క లైటు కొని మోసపోవడం కన్నా, సంఘం తరఫున రెండు మూడు రకాలు ఒక్కొక్కటి తెప్పించి, సభ్యులు వంతులవారీగా వారం చొప్పున వాడి చూడడం మంచిది. కార్యదర్శి ఒక పుస్తకంలో అభిప్రాయాలు రాయాలి. ఈ ఐదు పరీక్షలు చేయండి.

1. కూర్చునే పరీక్ష: లైటు కట్టుకుని పీట మీద కూర్చుని బకెట్టు ముందు పెట్టుకోండి. బకెట్టు వెనక నిలబెట్టిన వార్తాపత్రికలో చిన్న అక్షరాలు చదవగలగాలి. చేతుల నీడ అడ్డం రాకూడదు.

2. పలుకు పరీక్ష: నల్లబట్ట కట్టిన గిన్నెలో చెంచాడు పాలు పోసి, అందులో రెండు మూడు పెరుగు పలుకులు వేయండి. ఛాతీ లైటుతో అవి కనబడాలి.

3. కాల పరీక్ష: పితికే మెట్టులో వెలిగించి ఉంచి, నాలుగు గంటల తరువాత మొదటి పరీక్ష మళ్ళీ చేయండి.

4. నీటి పరీక్ష: మూతలన్నీ బిగించి ఒక చెంబెడు నీళ్ళు అన్ని వైపుల నుంచీ చిలకరించండి. అద్దం లోపల ఆవిరి పడితే తిప్పి పంపండి.

5. లాగుడు పరీక్ష: మరొకరు పట్టీని గట్టిగా లాగాలి. పట్టీ ఊడి రావాలి, మెడకు బిగుసుకోకూడదు.

నెగ్గిన లైటును కావలసినవారంతా కలిసి కొంటే బేరం కలిసివస్తుంది, చెడితే అడగడానికి పది నోళ్ళుంటాయి. రసీదు, హామీ కాగితం సంఘం ఫైలులో ఉంచండి.

గుర్తుంచుకోవలసినవి

దూరం కొట్టే లైటు కాదు, దగ్గర పరిచే లైటు కావాలి. పితకడానికి 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. దీపం వంగాలి, రంగు నిజంగా చూపాలి, పట్టీ లాగితే ఊడాలి. ఐ.పి. 65, ఉతికే పట్టీ, పెద్ద స్విచ్చి చూసుకోండి. లైటు ఉన్నా నల్లబట్ట గిన్నె తప్పనిసరి. అనుమానం వచ్చిన పాలు వేరుగా ఉంచండి. ఆ పశువును చివర పితకండి. అదే రోజు పశువైద్యుణ్ణి సంప్రదించండి.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో కరెంటు లేనప్పుడు పొదుగు మీద వెలుతురు ఎటు నుంచి పడుతోంది? రెండు చేతులూ ఖాళీగా ఉంటున్నాయా?

2. దూరం రెట్టింపైతే వెలుతురు ఎన్నో వంతు అవుతుంది? పాక కప్పుకున్న బల్బుకు దీన్ని అన్వయించి చెప్పండి.

3. ఎర్రదీపం ఏ పనికి మంచిది? ఏ పనికి పనికిరాదు?

4. మీ సంఘంలో పితికేవారిలో చీర కట్టుకునేవారు ఎంతమంది? లైటు ఎంచుకునేటప్పుడు వారి మాట అడిగారా?

పైన చెప్పిన ఉదాహరణలో కోడలి ఛాతీ మీద ఒక లైటు ఉండి ఉంటే, "వెచ్చగా ఉన్నట్టుంది" అన్న మాట అక్కడితో ఆగేది కాదు. "అత్తయ్యా, పలుకులు పడుతున్నాయి, చూడండి" అనేది. అత్తగారు లేచి వచ్చేవారు. ఆ పూట ఆ చన్ను పాలు క్యానులోకి వెళ్ళేవి కావు. ఆ రోజే మందు పడేది. మన సంఘాలలో ఏ ఇంట్లోనూ ఆ మాట మూడు రోజులు ఆలస్యం కాకూడదు.